అజాన్ కోసం ఆగిన మాత్ర

మా అమ్మ మంచాన పడ్డ చివరి రెండు నెలల్లో మందుల పెట్టెతో మా ఇంటికి వచ్చిన నర్సమ్మను చూశాకే నేను ఈ పనిలో చేరాను. నయం కాని జబ్బుతో ఇంట్లో ఉన్నవాళ్లకు నొప్పి తగ్గించడం, పుండ్లు శుభ్రం చేయడం, చాకిరీ చేసి అలసిన ఇంటివాళ్లను ఓ గంట పడుకోనివ్వడం మా పని. వారానికోసారి నర్సు వ్యాను వస్తుంది. మధ్య రోజుల్లో నాలాంటి వాళ్లం వెళ్తాం. జీతం ఉండదు. అమ్మ నొప్పి లేకుండా కన్నుమూసినందుకు అల్లాకు నేను చెప్పుకోగల షుక్రియా ఇదేననుకున్నాను.

నేను బడికి పోయినదాన్ని కాదు. అక్షరాలు నాన్న దిద్దించాడు, ఖురాను అమ్మ చదివించింది. గడియారం చూడటం వచ్చినా మా ఇంట్లో రోజు నడిచింది మాత్రం మసీదులో అయిదు పూటలా ఇచ్చే అజాన్ల మీదే. మధ్యాహ్నం జొహర్ లోపల వంట అయిపోవాలి, సాయంత్రం అసర్ కల్లా ఆరిన బట్టలు మడతపెట్టాలి, పొద్దుగూకే మగ్రిబ్‌కు పిల్లలు ఇంట్లో ఉండాలి. అమ్మ నేర్పిన ఈ లెక్క నా ఒంట్లో ఇంకిపోయింది. నేను చేసిన తప్పు కూడా అక్కడి నుంచే వచ్చింది.

నరసరావుపేటలో మా పక్క వీధిలోనే ఒక రోగి ఇంటికి నన్ను పంపారు. ఆయన నలభై ఏళ్లు దూది ఏకి పరుపులు కుట్టినవాడు. ఊపిరితిత్తుల్లో పుట్టిన కాన్సర్ వెన్నులోకి పాకింది. మా ఇంట్లో లాగే వాళ్లింట్లోనూ తెలుగే. వరస కలుపుకుని ఆయన్ని మామా అనీ ఆయన భార్యను అత్తా అనీ పిలిచేదాన్ని. కూతురు ముప్పాళ్ళ దగ్గర పల్లెలో ఉంటుంది, పత్తి తీతల రోజులు కావడంతో ఎప్పుడో గానీ రాలేకపోయేది. మామను చూసుకునేది అత్త ఒక్కతే.

నర్సు మార్ఫిన్ మాత్రలు ఇచ్చి కాగితం మీద రాసింది: ఉదయం ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, రాత్రి పది. చివరిసారి రెండు మాత్రలు. ఆమె వెళ్లాక అత్త ఆ కాగితాన్ని నా చేతిలో పెట్టింది.

"నాకు గడియారం తెలవదమ్మా. చిన్న ముల్లేందో, పెద్ద ముల్లేందో."

కాగితంలో అయిదు వేళలు చూడగానే నాకు అయిదు అజాన్లు ఠక్కున తట్టాయి. మసీదు మైకు వాళ్ల వంటింట్లోకి కూడా వినిపిస్తుంది.

"అత్తా, అజాన్ వినపడగానే ఒక మాత్ర. రాత్రి ఇషాకి రెండు. అంతే."

"ఓసి, ఇంతేనా! ఇదైతే నేను చచ్చినా మర్చిపోను."

"చచ్చేది నేనైతే నువ్వు మధ్యలో దూరతావేందే," అన్నాడు మామ మంచం మీద నుంచి. ముగ్గురం నవ్వుకున్నాం. ఇంత తేలిక దారి చూపించినందుకు దారి పొడుగునా అల్లాకు షుక్రియా చెప్పుకుంటూ ఇంటికొచ్చాను. నర్సుకు చెప్పాలని కూడా తోచలేదు.

నేను వెళ్లేది జొహర్ నమాజు అయ్యాక, రెండింటికి. అప్పటికి మామ దిండుకు ఆనుకుని ప్రశాంతంగా ఉండేవాడు. తాను కుట్టిన పరుపుల గురించి, దూదిలో గింజలు కలిపి అమ్మే షావుకార్ల గురించి చెప్పి నవ్వించేవాడు. సాయంత్రాలు మాత్రం అన్నం తినకుండానే మగతలోకి జారిపోతున్నాడని అత్త ఓసారి అంది. జబ్బు మనిషి కదా అనుకున్నాను. మధ్యలో నర్సు వచ్చింది కూడా మధ్యాహ్నమే. "మాత్రలు అయిదు పూటలా వేస్తున్నారా?" అనడిగింది. "ఒక్కటీ తప్పలేదమ్మా," అంది అత్త. అది నిజమే.

పదో రోజున మధ్యాహ్నం మా చుట్టాలింట్లో నిఖా ఉంది. అందుకని పొద్దున పదిగంటలకే వెళ్లాను.

మామ పక్కకు తిరిగి ముడుచుకుని ఉన్నాడు. తువ్వాలు కొస పళ్ల మధ్య ఉంది. చలికాలం పొద్దున చొక్కా చెమటకు తడిసి ముద్దయింది. పరుపు అంచు కుట్టును గుప్పిట్లో పట్టుకుని లాగుతున్నాడు. అత్త పక్కన కూర్చుని వీపు నిమురుతోంది.

"ఏమైంది అత్తా?"

"పొద్దున పూట ఇట్టానే ఉంటదమ్మా. జొహర్ అయినాక సర్దుకుంటది."

"ఎప్పట్నించి?"

"మాత్రలు మొదలెట్టినకాడ్నించి. అంతకుముందు రోజంతా ఉండేది, ఇప్పుడు పొద్దున్నే గదా. తెల్లారుజామున కూడా కాస్త. చానా మేలులే."

అక్కడే నిలబడి వేళ్ల మీద లెక్కపెట్టాను. ఫజర్ అయిదున్నరకు. జొహర్ ఒంటిగంట దాటాక. ఆ మధ్యలో దాదాపు ఎనిమిది గంటలు. నాకు ఆ ఎనిమిది గంటలూ చీపురూ వంటా గిన్నెలతో ఇట్టే గడిచిపోతాయి. అదెంత పొడుగో పుట్టిన దగ్గర్నుంచీ నేను ఎప్పుడూ కొలవలేదు.

"నాకు ఫోన్ చేయలేదేంది అత్తా? ఇంకో మాత్రన్నా వేయాల్సింది."

"ఏదీ, ఇయ్యనిస్తేనా! అజాన్ కాకముందే మింగమంటావేందే అని నా మీదికి లేస్తాడు. మొండి మనిషి."

మామ తువ్వాలు నోట్లోంచి తీశాడు. ఒక్కో మాటా కూడదీసుకుంటూ అన్నాడు.

"రోజా ఉపాసం ఉన్నోడు... అయిదు నిమిషాలు ముందు నీళ్లు తాగితే... ఉన్నదంతా పోద్ది. ఇదీ అంతే గదా."

నేను నర్సుకు ఫోన్ చేశాను. ఆమె ఫోన్లోనే మామను గదమాయించి ముందు మాత్ర వేయించింది, ఆ తర్వాతే నేను పెట్టిన వేళలు విని నాతో మాట్లాడింది. "సాయంత్రం మూడు గంటల్లో నాలుగు మాత్రలా? ఊపిరి మందగిస్తే ఏమయ్యేదో తెలుసా మీకు?" అసర్, మగ్రిబ్, ఇషా ఎంత దగ్గర దగ్గరగా వస్తాయో నాకంటే బాగా ఎవరికి తెలుసు?

అరగంట దాటాక మామ గుప్పిట విడింది. నేను అత్త ఫోన్లో నర్సు చెప్పిన గంటలకు అలారాలు పెట్టి, అవి మోగితే మాత్ర వేయాలని రెండుసార్లు చెప్పించుకున్నాను. నిఖా సంగతే మర్చిపోయాను. ఇక మామకు చెప్పాలి. చెప్పకుండా కూడా ఉండొచ్చు. నర్సు వేళలు మార్చిందంటే చాలు, నమ్ముతాడు. ఆయన ఆ పొద్దులన్నిటినీ ఉపవాసంలా మోశాడు. అందులో పుణ్యం ఉందనుకున్నాడు. నేను నోరు తెరిస్తే అది కూడా పోతుంది. అయినా అబద్ధం నోటిదాకా రాలేదు.

"మామా, ఆ వేళలు దీన్‌లో అల్లా చెప్పినవి కావు. అత్తకు గుర్తుంటుందని నేను పెట్టినవి. లెక్క తప్పాను. నిన్ను ఓర్చుకోమని ఎవరూ అడగలేదు."

ఆయన ఇందాక లాగిన పరుపు కుట్టును వేలితో తడిమాడు.

"అంటే ఇన్నాళ్లూ ఊరికేనే పడ్డానా?"

"అల్లాకు తెలుసు మామా."

"ఆయనకి తెలుసులేమ్మా. నిన్నడుగుతున్నా."

"దానికేం తెలుసయ్యా," అంది అత్త. "మన కోసం వచ్చిన పిల్లనా తిట్టేది?"

"తిట్టట్లేదే. అడుగుతున్నా."

నేను మంచం పక్కన కూర్చుని, "మాఫ్ చెయ్యి మామా," అన్నాను. వెంటనే "చేశా," అన్నాడు. మళ్లీ తనే, "అడిగినాక కాదనకూడదు, అందుకని చేశా," అన్నాడు.

ఆ తర్వాత పదహారు రోజులు బతికాడు. పొద్దున పూట కూర్చుని టీ తాగేవాడు. నేను వెళ్తే పలకరించేవాడు, షావుకార్ల కబుర్లు మాత్రం మళ్లీ చెప్పలేదు. ఆ మాఫ్ మనసులోంచి వచ్చిందా, మర్యాద కోసమా అని ప్రతిరోజూ ఆయన ముఖంలో వెతికేదాన్ని. అడిగే ధైర్యం లేకపోయింది.

ఒకరోజు పొద్దున తొమ్మిదింటికి, బాధ లేకుండా పోయాడు. నేను వెళ్లేసరికి అత్త నా రెండు చేతులూ పట్టుకుంది.

"నీ వల్లేనమ్మా చివర్లో సుఖంగా ఉన్నాడు. అల్లా నీకు మేలు చెయ్యాల."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఆమీన్ అన్నారు. ఆ తొమ్మిది పొద్దుల గురించి అత్త ఒక్క మాటైనా అంటుందేమోనని చూశాను. అనలేదు. అనుంటే బాగుండేదనిపించింది.