బండను పాకం పట్టబోయిన రోజు

అది ఉగాది వెళ్లిన రెండో గురువారం, పొద్దున సరిగ్గా పదకొండు గంటల పది నిమిషాలు. అప్పటికి గడియారం చూడటం కూడా రాని నాకు ఈ లెక్క ఎలా తెలుసంటే, బండ పేలగానే రాళ్ల సారు తన గొడుగుకు పడిన చిల్లును కూడా పట్టించుకోకుండా చేతి గడియారం చూసి, పైకి చదువుకుంటూ పుస్తకంలో రాసుకున్నాడు. తుమ్మచెట్టు వెనక నక్కి, ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని కూడా టైము రాసుకునే మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆ రోజుల్లో ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారి పక్క గుట్టల మీద మాలాంటి కుటుంబాలు బండలు లేపి బతికేవి. ఇప్పుడైతే మిషన్లు వచ్చి సబ్బుబిళ్లను కోసినట్టు కోసేస్తున్నాయి. అప్పట్లో మా మిషను నిప్పే. నాకు పంతొమ్మిదేళ్లు. నోరు పెద్దది, బుర్ర ఇంకా ఆ నోటికి సరిపడా పెరగలేదు (ఇప్పటికీ పెరగలేదని మా ఇంట్లో వాళ్లంటారు, వాళ్ల మాట నేను లెక్కచేయను).

బండ లేపడం ఎలాగో చెప్పకపోతే మీకు ఈ కథలో నా తెలివి ఎంతటిదో అర్థం కాదు. పరుపులా పరుచుకున్న బండ మీద ఒక అంచున కట్టెలు వరసగా పేర్చి నిప్పు పెడతారు. ఆ కాకకు పైపొర ఉబ్బి కింది రాయి నుంచి విడిపోతుంది. విడిపోయింది కంటికి కనబడదు, సుత్తెతో కొట్టి చెవితో వినాలి. అంటుకుని ఉన్న చోట ఠంగుమంటుంది. విడిన చోట బొద్దుమని గుల్ల పలుకుతుంది. గుల్ల పలికిన కొద్దీ నిప్పును ముందుకు జరుపుకుంటూ పోవాలి. తొందరపడితే బండ ముక్కలు, ఆలస్యం చేస్తే కట్టెలు బూడిద. ఆ సుత్తె మా నాయన తమ్ముడు, మా చిన్నాయన చేతిలో ఉండేది. కట్టెల మోపు నా నెత్తిన ఉండేది. ఏడేళ్లుగా మోస్తున్నాను. ఆ సుత్తె నా చేతికి రావాలన్నదే నా కోరిక. చీర కాదు, గాజులు కాదు, సుత్తె.

అడిగాను కూడా, చాలాసార్లు. "ఆడపిల్ల నిప్పు పొయ్యి కింద పెట్టాల పాపా, బండ మీద గాదు" అనేవాడు చిన్నాయన. "పొయ్యి కిందయితే కాల్తాది, బండ మీదయితే కాలనంటాదా నిప్పు?" అని నేను. ఆయన వినిపించుకోనట్టు తల తిప్పుకునేవాడు. ఒకసారి మరీ నోరు చేసినందుకు దగ్గరి కట్టెల పని నుంచి తీసేసి, దూరంగా చెరువు అవతల నుంచి మోసుకురమ్మన్నాడు. చిన్నాయన కొడుకు ఒకడున్నాడు, నాకు అన్న వరస. సుత్తె న్యాయంగా వాడికే పోవాలి. కానీ వాడి ప్రాణమంతా ఆదోని బజారులో దొరికే బొరుగుల ఉగ్గాని మీద, దాని పక్కన పెట్టే బజ్జీల మీద. గుట్ట మీదికి కూడా సత్తు గిన్నెలో ఉగ్గాని తెచ్చుకుని, పని జరిగేంతసేపూ తడి బొరుగులు నములుతూ కూర్చునేవాడు. అందుకే వాడిని మేమంతా ఉగ్గాని అన్న అంటాం.

ఆ నెలలోనే మా ఇంటికి గండం వచ్చింది. చిన్నాయన లేపిన బండ ప్రతిదీ సగంలో పగిలిపోతోంది. కట్టెలు పచ్చివన్నాడు, గాలి తిరిగిందన్నాడు, చివరికి బండకే కోపం వచ్చిందన్నాడు. ఎమ్మిగనూరు నుంచి మగ్గం నేసే పెద్దప్ప ఒకాయన తన ఇంటి ముందు అరుగుకు మనిషి పొడవుకు రెండింతల బండ కావాలని వచ్చి, మూడుసార్లు ముక్కలు చూసి పోయాడు. "ఈ గురువారం రాకుంటే నేను హాలహర్వి పక్క పోయి తెచ్చుకుంటానప్పా. అరుగు లేక మా యింటిది నన్నే అరుగు మాదిరి తొక్కుతాంది" అని చెప్పేశాడు. ఆయన పోతే ఆయన వెంట ఊళ్లో మగ్గాలవాళ్లంతా పోతారు.

సరిగ్గా అప్పుడే దిగాడు రాళ్ల సారు. ఎక్కడో పట్నంలో కాలేజీ పిల్లలకు రాళ్ల గురించి పాఠం చెబుతాడట. తల మీద టోపీ, టోపీ మీద గొడుగు, చేతిలో మా కోడిపెట్ట తలకాయంత సుత్తె. రాయిని కొట్టి, ముక్క తీసి, భూతద్దంలో చూసి, ఆ తర్వాత నాలుకతో నాకాడు. చిన్నమ్మ, అంటే చిన్నాయన భార్య, నా చెవిలో "పాపం, తిండి పెట్టేవాళ్లు ల్యారేమోమే" అంది. మర్నాటి నుంచి ఆయనకు కూడా మా సద్దిలో ఒక రొట్టె కట్టింది.

ఆయన సంచి మోసే పని నాకు పడింది. మోస్తూ ఊరుకుంటే నేను నేనెందుకవుతాను. బూడిదరంగు బండలో తెల్లని చారలు మెలికలు తిరిగి పోతుంటే చూపించి, "ఇవేంది సారూ?" అన్నాను. "ఈ గుట్ట ఒకప్పుడు కరిగింది అమ్మాయ్. కరిగిన భాగం సందుల్లోకి పారి గడ్డకట్టింది. అవే ఈ చారలు" అన్నాడు. నేను పకపకా నవ్వాను. ఏడేళ్లుగా ఎన్ని మోపుల కట్టెలు తగలేశాం, ఒక్క చుక్క కరగలేదు.

ఆయనకు కోపం రాలేదు. ఆ బండ మీదే కూర్చుని చెప్పాడు. భూమి లోపల మైళ్ల లోతున రాయి ఎంతో వేడి మీద ఉంటుందట. ఎండురాయి అయితే ఆ వేడికి కూడా మొండికేసి గట్టిగానే ఉంటుంది. దానికి నీళ్లు తగిలితే చాలు, అదే వేడికి కరగడం మొదలుపెడుతుంది. "ఆడ నీళ్లెట్లొచ్చె సారూ? మా ఊరి బాయిలోనే ల్యావే!" అన్నాను. రాళ్లలోనే నీళ్లు దాగి ఉంటాయని, నొక్కుడుకీ వేడికీ అవి పిండుకుని బయటికొచ్చి, పగుళ్లు వెతుక్కుంటూ పైకి పాకుతాయని చెప్పాడు. చారల పక్కన గాజుముక్కలా మెరిసే పలుగురాయి కూడా అలా వేడినీళ్లు మోసుకొచ్చి పగుళ్లలో వదిలిపోయిన సరుకేనట. నాకు అక్షరం ముక్క రాదు గానీ ఓళిగలు, అదే బొబ్బట్లు, చేయడం వచ్చు. బెల్లం ఉత్తగా పెనం మీద పెడితే మాడుతుంది. చారెడు నీళ్లు పోస్తే సన్నసెగకే పాకమవుతుంది. ఇంతేనా? సారుతో అన్నాను. ఆయన మురిసిపోయి, "మా కాలేజీలో ఎవరూ ఇంత బాగా పట్టుకోలేదు" అన్నాడు.

ఆ ఒక్క మాటే మా కొంప ముంచింది.

బుధవారం పొద్దున చిన్నాయన ముందు నిలబడ్డాను. "చిన్నాయనా, మనం ఇన్నాళ్లు ఎండుబండకు నిప్పు పెడ్తాండాము. అందుకే మొండికేసి పగల్తాంది. తడిపి పెడితే సగం కట్టెలకే మెత్తగా లేస్తాది. సారే సెప్పినాడు" అని అరిచాను (గుట్ట మీద సుత్తెల చప్పుడుకు అందరం అరిచే మాట్లాడుకుంటాం). "తిక్క ముదిరిందా నీకు?" అన్నాడు ఆయన. "రేపు ఒక్కనాడు నిప్పు నాకియ్యి. బండ లేస్తే సుత్తె నాది. లేయకుంటే సచ్చేదాకా కట్టెలు మోస్తా, ఇంగ నోరెత్తను." చివరి మాట చిన్నమ్మకు బాగా నచ్చింది. "ఒప్పుకోప్పా, ఊరికి మేలైతాది" అంది. మూడు బండలు పగలగొట్టుకున్న మనిషి ఏ ముఖంతో కాదంటాడు? ఒప్పుకున్నాడు.

ఇక నా హడావుడి చూడాలి. బండ అంచున సన్నటి సందు ఒకటి ఉంటే అందులోకి ఏడు బిందెల నీళ్లు పోశాను. పైన గోనెసంచులు తడిపి పరిచి, ఆరిపోకుండా ఇంకో నాలుగు బిందెలు. రాయి తాగుతున్నట్టు గుటగుట చప్పుడు కూడా వచ్చింది, లేక నా గుండె చప్పుడో. మర్నాడు సంచులు తీసి, కట్టెలు పేర్చి, అంటించాను. మగ్గం పెద్దప్ప తలపాగా సర్దుకుని దూరంగా కూర్చున్నాడు. సారు ఎందుకొచ్చాడంటే రొట్టె కోసం వచ్చాడు. నేను నీళ్లు పోసిన సంగతి ఆయనకు ఎవరం చెప్పలేదు. ఉగ్గాని అన్న గిన్నె తెరిచాడు. చిన్నాయన మాత్రం మనసు ఆగక సుత్తె పట్టుకుని బండ అవతలి చివర గొంతుక్కూర్చుని, అరచెయ్యి రాయికి ఆనించి, కళ్లు మూసుకున్నాడు.

మొదట చుయ్యిమని సన్నగా మొదలైంది. "పాకం పడ్తాంది!" అని నేను ఎగిరి గంతేశాను. చుయ్యి కాస్తా కూత అయింది. బండ మీద గీత గీసినట్టు ఒక వరసలో ఆవిరి లేచింది. టప్ మని ఒక పెచ్చు ఎగిరి ఉగ్గాని గిన్నెలో పడింది. "బజ్జీ అనుకుంటినే!" అని అన్న కేక (కొరికాడు కూడా, ఆ పన్ను ఇప్పటికీ సగమే). సారు చెయ్యెత్తి, "ఎవరైనా దీనికింద నీళ్లు పోశారా?" అని అడిగాడు. "పదకొండు బిందెలు!" అన్నాను గర్వంగా. అంత లావు చదువుకున్న మనిషి అంత వేగంగా పరిగెత్తగలడని నాకు తెలీదు. ఆయన వెనక పెద్దప్ప, పెద్దప్ప వెనక అన్న, అందరి కంటే ముందు చిన్నమ్మ. తుమ్మచెట్టు వెనక నుంచి "ప్రభువా, ప్రభువా" అని ఒక పక్క, "బిర్రీన రాప్పా!" అని ఇంకో పక్క అరుస్తోంది.

చిన్నాయన కదల్లేదు. కూత పెడుతున్న బండ మీద కూర్చుని టక్కు టక్కుమని కొడుతూనే ఉన్నాడు.

నేను మళ్లీ బండ వైపుకే ఉరికాను. పంచె పట్టుకుని లాగితే పంచె వచ్చింది, చిన్నాయన రాలేదు. ఇక లాభం లేదని నడుం కింద చెయ్యి వేసి, చారల నిక్కరుతో సహా మోపులాగా భుజానికెత్తుకుని పరిగెత్తాను. ఏడేళ్ల కట్టెల మోత ఊరికే పోలేదు. పది అడుగులు వేశానో లేదో, ఆదోని దాకా వినబడేలా దడేల్‌మని పేలింది. పెచ్చులు బొరుగుల్లా లేచాయి. సారు గొడుగుకు చిల్లు పడింది. దుమ్ములో, నా భుజం మీద తలకిందులుగా వేలాడుతూ, చిన్నాయన ఆశగా అడిగాడు: "పాపా, గుల్ల పలికినాదా?"

ఎవరూ నవ్వలేదు. అందరికీ ఒక్కసారే అర్థమైంది.

ముందు చిన్నమ్మ తేరుకుంది. "ఓరి దేవుడా, ఈయప్పకు ఇనపడ్ల్యా! రెండేండ్ల నుంచి నేనెంత తిట్టినా తిరిగి ఒగ మాట అంటాండ్ల్యా, మారి మంచోడైనాడనుకుంటినే!" అని తలకొట్టుకుంది. అప్పుడు మాత్రం అందరం పొట్ట పట్టుకుని నవ్వాం. పెద్దప్పకు తలపాగా జారిపోయింది. నేను చిన్నాయనను కిందికి దించి, పంచె చేతికిచ్చి, సారు వైపు తిరిగాను. "బెల్లం పాకమని మీరే గదా మెచ్చుకుంటిరి!"

సారు ఇంకా రొప్పుతున్నాడు. "అమ్మాయ్, లోపల ఆ రాయి మీద మైళ్ల మందాన బరువుంటుంది. నీళ్లు ఎటూ పోలేక రాయిలో కలుస్తాయి, అప్పుడు కరుగుతుంది. ఇక్కడ పైన మూత ఏదీ? నీ నీళ్లు ఆవిరై, దారి చేసుకుని ఎగిరిపోయాయి. పైగా ఆ వేడి ముందు నీ కట్టెల మంట ఎంత?" "మూత సంగతి ముందే సెప్పాల గదా సారూ!" "నువ్వు వండబోతున్నావని నాకేం తెలుసు?" అన్నాడు ఆయన. అది మాత్రం న్యాయమే.

చిన్నాయన పంచె కట్టుకుని, ఒక్కడే పోయి ముక్కలైన బండ పక్కన కూర్చున్నాడు. పందెం ఓడిపోయాను, నోరు మూసుకుని పోయి పక్కన నిలబడ్డాను. ఆయన నా వైపు చూడకుండా మాట్లాడాడు. "ఎవురికీ తెలీగూడదనుకుంటి పాపా. అరిస్తే ఇనపడ్తాది గానీ, ఠంగూ ల్యాదు గుల్లా ల్యాదు, రెండేండ్లాయ. కొట్టేది నేను, ఇనేది నువ్వు. గుల్ల పలికితే నీ కనుబొమ్మలు పైకి లేస్తాయి. మోపు దించతా నువ్వాడ నిలబడితే, నీ మొగం సూసి నిప్పు జరుపుతాంటి. నోరెక్కువైందని నిన్ను చెరువు అవతలికి తోలితి సూడు, ఆ పొద్దు నుంచే బండలు పగల్తాండాయి."

చెయ్యెత్తి నా కనుబొమ్మలు నేనే తడిమి చూసుకున్నాను. జీవితంలో అదే మొదలు, అదే ఆఖరు. ఆయన సుత్తె నా కాళ్ల దగ్గర పెట్టి, గొంతు మార్చి మేస్త్రీలా అన్నాడు: "రేపట్నుంచి నువ్వే కొట్టు. నిప్పు పెట్టే పొద్దు మాత్రం నీళ్ల కుండ గుట్ట కింద ఉండాల. దప్పికయితే దిగిపోయి తాగిరా." పెద్దప్ప ఇంకో నాలుగు రోజులు ఆగుతానన్నాడు. సోమవారం పక్కనున్న ఎండుబండ మీద నేనే నిప్పు పెట్టి, నాలుక పిడచకట్టుకుపోగా, ఒక్క బీట లేకుండా పెద్దప్ప బండ లేపాను. గుల్ల పలికిన ప్రతిసారీ చిన్నాయన పక్కన కూర్చుని నా కనుబొమ్మలు చూసి, అందరికంటే ముందు తానే "పలికె!" అని అరిచాడు.

యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. మొన్న మనవరాలి పుస్తకంలో భూమిని సగానికి కోసిన బొమ్మ చూసి, కింద రాసింది కూడబలుక్కుని చదివితే, సారు చెప్పిందే ఉంది. మూత సంగతి ఇందులోనూ సరిగ్గా రాయలేదు. చదువుతుంటే, నీళ్లు కారే గోనెసంచి నెత్తిన పెట్టుకుని, భూమి గుట్టు మొత్తం తెలిసిపోయినట్టు గుట్ట ఎక్కుతున్న ఆ పంతొమ్మిదేళ్ల పిల్ల కనబడింది. ఆగవే అని అరవాలనిపించింది గానీ, వినే రకం కాదు. ఎక్కనీ. ఆ పేలుడు తామూ చూశామని చెప్పేవాళ్లు ఇప్పుడు ఆదోనిలో సగం మంది ఉన్నారు, నమ్మకండి. ఆ పొద్దు అక్కడున్నవాళ్లం ఆరుగురమే: చిన్నాయన, చిన్నమ్మ, ఉగ్గాని అన్న, ఎమ్మిగనూరు మగ్గం పెద్దప్ప, రాళ్ల సారు, నేను.