చెల్లెలి నంబరు నుంచి వచ్చిన ఫోటోలు

దయ్యాలంటే నాకు ఎప్పుడూ నవ్వే. అంగన్‌వాడీలో పిల్లలు దయ్యమని ఏడిస్తే ముక్కు తుడిచి, చేతిలో గుడ్డు పెట్టి కూర్చోబెట్టేదాన్ని. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. జరిగింది మాత్రం చెప్తాను. మధ్యలో తిట్లొస్తే ఏమనుకోకండి, ఆ మనిషి గురించి చల్లగా మాట్లాడటం నాకు రాదు.

మాది కోస్గి దగ్గర ఊరు. నా చెల్లెలు రూతు మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదివేది. సెలవులకు వచ్చినప్పుడు దాని ఫోన్ కిందపడి అద్దం పగిలింది. కోస్గిలో రిపేరు షాపుకు నేనే తీసుకెళ్లాను.

మా దగ్గర ఫోన్ రిపేరుకిస్తే, లాక్ తెరిచే గీతను చీటీ మీద గీసి ఫోన్ వెనక అంటిస్తారు. అందరం అట్లాగే ఇస్తాం. షాపువాడు చీటీ, పెన్ను నా ముందుకు తోశాడు.

“లాక్ తెల్వకపోతే డిస్‌ప్లే ఎట్ల చెక్ చెయ్యాలక్కా?” అన్నాడు.

చెల్లెలి గీత నాకు తెలుసు. గీసిచ్చాను. ఇంటి తాళం దొంగ చేతికిచ్చి వచ్చాను, నా తెలివి తగలెయ్య!

వారం తిరగకముందే రూతు ఫోటోలు ఊళ్లో ఫోన్లన్నిటా తిరిగాయి. హాస్టల్ గదిలో తనకోసం తాను తీసుకున్నవి. వాటిలో తప్పేముంది? తన గదిలో తను ఎట్లా ఉంటే ఎవడికేం? పోలీసులు సాక్ష్యం ఏదన్నారు. వాడేమో “ఎవని ఫోన్లకెల్లి పోయినయో నాకేమెరుక?” అన్నాడు.

రూతు కాలేజీ మానేసింది, తిండీ మానేసింది. కామెర్లు ముదిరి దవాఖానలో పోయింది. డాక్టరు కాగితం మీద కామెర్లని రాశాడు. నన్ను రాయమంటే వాడి పేరు రాసేదాన్ని.

మా ఇంట్లో పోయినవాళ్ల పెట్టెలో వాళ్లకిష్టమైన వస్తువు పెట్టి పూడుస్తాం. మా నాన్న, బాపు, రూతు పెట్టెలో ఆ ఫోన్ పెట్టాడు, సిమ్ముతో సహా. “ఇగ దీన్ని ఎవ్వడూ ముట్టొద్దు,” అన్నాడు. మూతకు మేకులు కొట్టడం నేను దగ్గరుండి చూశాను. అప్పుడు నేను చేసిన ప్రార్థన పాస్టరుగారు వింటే చర్చి మెట్లు ఎక్కనివ్వరు. వాణ్ని కూడా పదిమందీ చూడాలి ప్రభువా, అన్నాను.

రెండు నెలల తర్వాత, ఒకరోజు ఉదయం పదకొండింటికి ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. పంపింది రూతు నంబరు. ఆ నంబరును గ్రూపులోంచి తీసెయ్యడానికి ఎవరికీ మనసు రాలేదు.

ఫోటోలో షాపువాడు. బల్ల మీద పెట్టిన ఫోన్ పైకి చూస్తే ఎట్లా కనిపిస్తాడో అట్లా, కింది నుంచి గడ్డం, ముక్కు. చేతిలో ఇంకెవరిదో ఫోన్, దాని వెనక చీటీ. చూసి నవ్వుతున్నాడు.

మర్నాడు అదే వేళకు ఇంకొకటి. అట్లా ఆరు రోజులు. ఆఖరిదాంట్లో వాడి వెనక అద్దంలో కంప్యూటర్ తెర కనిపించింది. తెర నిండా మా చుట్టుపక్కల ఆడపిల్లల ఫోటోలు.

ఆ రోజు షాపు ముందు ఆడవాళ్లు చెప్పులు చేతపట్టుకుని నిలబడ్డారు. అబద్ధమెందుకు, రెండు దెబ్బలు నావి. హాయిగా అనిపించింది. పోలీసులు కంప్యూటర్‌తో పాటు వాణ్నీ పట్టుకెళ్లారు.

తర్వాత వాళ్లే చెప్పారు. ఆ ఫోటోలు తీసినవి రిపేరుకొచ్చి బల్ల మీద పడి ఉన్న ఫోన్లట. రెండింటికి బ్యాటరీలే లేవు. రూతు నంబరేమో రీచార్జి లేక ఎప్పుడో ఆగిపోయింది. సమాధి మీద వేసిన మట్టి వేసినట్టే ఉంది.

బెయిలు మీద వచ్చాక వాడు మా ఇంటికొచ్చి బాపు కాళ్ల మీద పడ్డాడు.

“ఏ ఫోన్ చూసినా అండ్లకెల్లి ఆ పిల్ల నన్నే చూస్తాంది. జర ఆపమని చెప్పు పెద్దయ్యా.”

బాపు తిట్టలేదు. కాళ్లు వెనక్కి తీసుకున్నాడు.

“నా బిడ్డ గూడ గట్లనే ఏడ్సింది. నువ్వు ఆపినవా?” అన్నాడు.

అదంతా ఎట్లా జరిగిందో నాకు ఈ రోజుకీ తెలియదు. ఊళ్లో సగం మంది నేనే ఏదో చేశానంటారు. నేను కాదని చెప్పినప్పుడల్లా కడుపు మండుతుంది. నేనే చేసి ఉండాల్సింది. అక్కనై ఉండి, నా చెల్లెలి పగ చచ్చిపోయిన దాని చేతికే వదిలేశాను.