అన్న ఆగిన చోట నా చదువు

కళ్యాణదుర్గం బస్టాండులో దిగగానే ఉడికించిన పచ్చి వేరుశనగకాయల వాసన తగిలితే చాలు, కాలేజీలో లెక్కలు చెప్పే మనిషినన్న సంగతి మరిచిపోయి మా ఇంటి ముందరి కళ్ళంలో కాయలు కోసే పిల్లనైపోతాను. పీకిన చెట్లు కుప్పలుగా పడి, ఎర్రమట్టి వాసనా తడి ఆకుల వాసనా కలిసిపోయి, అమ్మా నేనూ కాళ్ళు చాపుకుని కాయలు కోస్తుంటే, నాకన్నా రెండేళ్ళు పెద్దవాడైన మా అన్న ఓబులేసు కుప్ప చుట్టూ ఒకసారి తిరిగి ఎన్ని మూటలవుతాయో నోటితోనే చెప్పేసేవాడు. నాయన చివర్న కొలిచి చూసి, వాడి తల నిమిరేవాడు.

వాన రాని ఏడు కూడా మా ఊళ్ళో పీర్ల పండుగ ఆగేది కాదు. పొద్దు గూకే వేళకు గుండంలో మొద్దులు అంటుకుని, పీర్ల ముందు చదివించి పంచిన చక్కెర మా అరచేతుల చెమటకు కరిగి జిగటగా అవుతుంటే, అన్న ఆ వెలుగులో పుల్లతో నేలమీద త్రిభుజాలు గీసి, అర్థమయ్యేదాకా నన్ను వదిలేవాడు కాదు. పది పాసవగానే నాయన వాడిని అనంతపురంలో ఇంటర్‌లో చేర్చాడు. ఇద్దరినీ చదివించే స్తోమత లేదు కాబట్టి నాకు పదో తరగతి చాలనుకున్నారు. అది అన్యాయమని ఎవరికీ తోచలేదు, నాకు కూడా.

రెండో ఏడు దసరాకు వచ్చిన అన్న వేరేగా ఉన్నాడు. అమ్మ చేసిన ఓళిగలు ఆబగా తిని మధ్యాహ్నందాకా నిద్రపోయేవాడు. చొక్కాలో కాలిన గడ్డి వాసన వస్తే, బస్సు పొగేమోనంది అమ్మ. నేను లెక్కల సిద్ధాంతం ఒకటి అడిగితే సగం చెప్పి ఆగి, ఎర్రటి కళ్ళతో నావైపు చూసి, "ఏం చెప్తాంటి పాపా నేను?" అని నవ్వాడు. ఆటపట్టిస్తున్నాడనుకుని నేనూ నవ్వాను.

పరీక్షలప్పుడు వాడు హాలుకే పోలేదని, అనంతపురంలో వాడు అద్దెకున్న గది యజమాని కబురు పంపాడు. నాయన పోయి చూస్తే మూసిన కిటికీలు, ముగ్గురు పిల్లలు, గంజాయి పొగ. వాడు కాలేజీ మానేసి నెలలైందట. ఇంటికి తెచ్చాక నాయన చెయ్యెత్తలేదు. అమ్మే అడిగింది, "ఎందుకు తాగినావప్పా?" అని.

"ఆడ పాఠాలు ఇంగ్లీషులో తలకెక్కలేదు మా. అది తాగితే దిగులు తెలీలేదు. తర్వాత పాఠం గూడా తెలీలేదు."

అన్న చదువును గంజాయి ఒక్కటే తినేసిందా, పట్నం భయం కూడా తిన్నదా, ఇప్పటికీ చెప్పలేను. ఆ వేసవిలో నేను పది పాసయ్యాను. నాయన అరుగుమీద కూచుని, "ఓబులేసు చదువు ఆగిపాయ. పాపనన్నా పంపుదాం" అన్నాడు. నేను ఇంటి వెనక్కి పరుగెత్తి గడ్డివామిలో ముఖం దాచుకుని నవ్వాను. వాడు ఫెయిలవడమే మంచిదైందని ఒక్క క్షణం అనుకున్నాను. తిరిగి వచ్చేసరికి అన్న నాకిచ్చేందుకు తన ఇనప పెట్టె తీసి, దానిమీద రాయించుకున్న పేరును చెరపాలని కిరసనాయిలు గుడ్డతో రుద్దుతున్నాడు.

"ఉండనీలే అన్నా."

"వద్దు పాపా. కాలేజీలో పిల్లోళ్ళు నవ్వుతారు."

మానేయడానికి వాడికి ఏళ్ళు పట్టింది. మానేశాడనుకున్నాక మళ్ళీ జారాడు, మళ్ళీ లేచాడు. ఇప్పుడు షేర్ ఆటో నడుపుతున్నాడు. మా శెనక్కాయ చేలల్లో కొన్ని బత్తాయిలు కాసే చీనీ తోటలయ్యాయి, కొన్నిటిలో సోలార్ పలకలు మెరుస్తున్నాయి. కళ్ళం లేదు, గుంపుగా కూచుని కాయలు కోసే ఆడవాళ్ళూ లేరు. పోయినవారం అన్న ఆటోలోనే ఊరికి పోతుంటే, వాడు వెనక కూచున్నవాళ్ళతో గొప్పగా అన్నాడు:

"మా చెల్లెలు కాలేజీలో లెక్కలు చెప్తాది. నేను ఫెయిలయినందుకే ఆమె చదివినాది, తెలుసునా?"

"అయితే నీ పుణ్యమేలేప్పా" అంది ఒక ముసలామె. అందరూ నవ్వారు, అన్న కూడా. అంతలో అద్దంలో నా ముఖం కనబడిందేమో, నవ్వు ఆపేశాడు.

"తమాషాకి అంటి పాపా" అన్నాడు మెల్లగా.

నేను రోడ్డువైపు తిరిగాను. ఆ రోజు గడ్డివామిలో ముఖం దాచుకుని నేను నవ్విన నవ్వు వాడికి తెలీదు.