రెండు యాసల కిటికీ

తార్నాక మునిసిపల్ ఆఫీసులో పుట్టిన తేదీ కాయితాలిచ్చే కిటికీ వెనక అచ్యుతరామయ్య ఇరవై ఆరేళ్లుగా కూర్చుంటున్నాడు. స్టాంపు సిరా పట్టి ఆయన కుడి బొటనవేలు ఎప్పుడూ ఊదాగానే ఉంటుంది. పుట్టింది తెనాలిలో అయినా, వచ్చిన మనిషి ఏ యాసవాడైతే ఆ యాసలోనే పలకరించడం ఆయన అలవాటు. అదే మర్యాద అనుకునేవాడు. తెలంగాణ ఉద్యమం రాజుకున్నాక, అందరినీ ఒకేలా చూడాలని పైనుంచి సర్క్యులర్ వచ్చింది. ఒకేలా అంటే ఎలాగో మాత్రం అందులో లేదు.

సోమవారం యూనివర్సిటీ నుంచి వచ్చిన రాంచందర్ అనే విద్యార్థిని "ఏం గావాలె తమ్మీ?" అని ఆప్యాయంగానే అడిగాడు. "మా భాషను ఎక్కిరిస్తున్రా సార్?" అని అతను భగ్గుమన్నాడు. మంగళవారం అతని స్నేహితుడొస్తే "ఏం కావాలండీ?" అన్నాడు. "గీడ గూడ మీ భాషేనా?" అన్నాడు ఆ స్నేహితుడు. బుధవారం నుంచి అచ్యుతరామయ్య నోరు మెదపలేదు. చెయ్యి చాపి కాయితం తీసుకునేవాడు, స్టాంపు కొట్టి ఇచ్చేవాడు, అందరికీ ఒకేలా. మనవల కాయితాల కోసం లాలాగూడ నుంచి ఏటా ఒకసారైనా వచ్చే ముసలామె భూదేవి కిటికీలోంచి తొంగిచూసింది. "ఏమైంది సారూ, మాట పడిపోయిందా?" అంది దిగులుగా. "లే అవ్వా" అనాలో, "లేదు మామ్మగారూ" అనాలో తేలక ఆయన తల అడ్డంగా ఊపాడు.

"అయ్యో, నిజమే!" అంది భూదేవి.