చుట్టకుదురు

దగ్గొస్తోందంటే చాలు, చేపలమ్మే దాలమ్మ ఉన్నచోటే కూలబడి రెండు చేతులతో తల వెనక భాగాన్ని అదిమి పట్టుకుంటుంది. దగ్గితే అక్కడ తల పగిలిపోయేంత నొప్పి. ముప్పై ఏళ్లుగా టెక్కలి వీధుల్లో గంప మోసినందుకేనని పేటంతా అంది, ఆమె కూడా నమ్మింది. గంప కింద పెట్టుకునే చుట్టకుదురుకు ఏటేటా ఇంకో పాతచీర పేలిక చుట్టింది. చివరికి కూతురు హేమ ఇంటర్ మానేసి గంప తనెత్తుకుంది. రెండేళ్లయినా నొప్పి తగ్గలేదు.

నిన్న విశాఖపట్నంలో స్కానింగ్ చూసిన డాక్టరు, "పుట్టుకతోనే నీ చిన్నమెదడు కాస్త కిందికి జారి ఉందమ్మా. బరువు మోసినందుకు వచ్చింది కాదు," అన్నాడు. ఆపరేషన్ మాట ఆమె చెవికెక్కలేదు.

"అయితే గంప వల్ల కాదేటి బాబూ? మా గుంట సదువు మానీసి ఊరికినే మోసిందేటి?"

దాలమ్మ చెయ్యి చాచి, పక్కనే నిలబడ్డ హేమ నడినెత్తిని తడిమింది. చుట్టకుదురు ఒరిపిడికి అక్కడ జుట్టు అరిగిపోయి ఉంది.