చుక్కలు తీసే మావయ్య

కొందరికి దుమ్ము పడదు, కొందరికి అత్తరు వాసన పడదు, కొందరికి ఆడపడుచు పడదు. మావయ్యకి చుక్క పడదు. గీత మీద అక్కర్లేని చుక్క ఒక్కటి కనిపించిందా, అది తీసేసేదాకా ఆయనకి అన్నం సహించదు, ఎదురుగా ఉన్నవాళ్లకి మోక్షం ఉండదు.

చుక్క అంటే ఏమిటో ముందే చెప్పేయడం మంచిది, లేకపోతే ఆయన గురించి లేనిపోని అనుమానాలు వస్తాయి. కంప్యూటర్లో బొమ్మలు గీసే ప్రోగ్రాం ఒకటి ఉంది. అందులో ప్రతి గీతనీ చుక్కలే పట్టి నిలబెడతాయి. చుక్కని జరిపితే గీత వంగుతుంది. చుక్కలు తక్కువుంటే గీత హాయిగా సాగిపోతుంది, ఎక్కువైతే గతుకుల రోడ్డు మీద సైకిల్లా ఎగిరెగిరి పడుతుంది. అలా గీసిన బొమ్మని తపాలా బిళ్లంత చేసినా, మేడంత చేసినా అంచు చెదరదు. లోకమంతా ఈ ప్రోగ్రాంతో పని చేసుకుంటుంది. మావయ్య మాత్రం దానితో కాపురం చేస్తాడు.

ఆయన మేనకోడలికి ప్రింటింగు, బోర్డుల షాపు ఉంది. వాళ్ల నాన్న విశ్రాంతి తీసుకుంటానని షాపు అప్పగించినప్పుడు రెండు కంప్యూటర్లు, స్టిక్కర్లు కోసే మిషను, పైకప్పు మీద చెమ్మ, మూల బల్ల దగ్గర మావయ్య, అన్నీ కలిపి ఆమె వాటాకి వచ్చాయి. చెమ్మని బాగు చేయించగలిగింది.

ఒకరోజు బేకరీ ఆయన పరుగు పరుగున వచ్చాడు.

"అర్జెంటండీ! సాయంత్రానికి స్టిక్కర్లు కావాలి. బొమ్మ నేనే తెచ్చాను."

మావయ్య ఆ బొమ్మని తెర మీద తెరిచి పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. చివరికి తెర నిండా బన్ను అంచు ఒక్కటే మిగిలింది.

"ఇది ఎవరు గీశారు?"

"మా బావమరిది."

"ఆయనకి మీ మీద కోపమేమైనా ఉందా?"

"అబ్బే, లేదే!"

"మరి ఒక్క బన్ను చుట్టూ ఇన్ని చుక్కలెందుకు గుచ్చాడండీ? గుండ్రానికి నాలుగు చాలు. సూర్యుణ్ణి గీయమన్నా నాలుగే. మీ బన్ను సూర్యుడికంటే గొప్పదా?"

బేకరీ ఆయన నిజాయితీగా ఆలోచించి, "రుచిలో అయితే..." అన్నాడు.

"ఈ చుక్కలతో మిషనుకి పంపిస్తే కత్తి ప్రతి చుక్క దగ్గరా ఆగి ఆగి కొరుకుతుంది. మీ బన్ను ఎలుక కొరికినట్టు వస్తుంది. పర్వాలేదా?"

బేకరీకీ ఎలుకకీ సంబంధం అంటగట్టాక ఏ మనిషైనా ఏం మాట్లాడతాడు? "రేపు వస్తానండీ," అని వెళ్లిపోయాడు. మావయ్య సంతోషంగా బల్ల ముందుకి జరిగి, ఒక్కో చుక్కనీ ఏరడం మొదలుపెట్టాడు.

ఆగినవాళ్ల గతి మరీ ఘోరం. వాళ్లకి ప్రోగ్రాం చరిత్ర వినిపించేవాడు. విజిటింగు కార్డుల కోసం వచ్చిన పళ్ల డాక్టరు అలా ఒకసారి దొరికిపోయాడు.

"మీ తరానికి ఏం తెలుసండీ! ఈ ప్రోగ్రాం మాకు ఫ్లాపీల కట్టగా వచ్చింది. అన్నీ ఎక్కించాక ఆఖరి ఫ్లాపీ చెడిపోయిందనేది. మళ్లీ మొదటి నుంచి. రంగు వేస్తే అది తెర మీదికి రావడానికి టీ తాగి రావాలి. అందుకని ఉత్తి గీతలే చూస్తూ, రంగులు మనసులో వేసుకునేవాళ్లం. తప్పు చేస్తే ఒక్క అడుగే వెనక్కి పోనిచ్చేది. అందుకే నొక్కేముందు ఆలోచించేవాళ్లం. ఇప్పుడు ఎంత దూరమైనా వెనక్కి పోవచ్చు. అందరూ వెనక్కే పోతున్నారు! అసలీ వంపుల లెక్క ఎక్కడ పుట్టిందో తెలుసా? కార్ల ఫ్యాక్టరీలో! కారు ఒంటి వంపుల కోసం ఇంజినీర్లు..."

డాక్టరు నోరు తెరుచుకుని వింటూ ఉండిపోయాడు. రోజూ తాను ఎదుటివాళ్లని ఎలా కూర్చోబెడతాడో ఆ పూట ఆయనకి తెలిసొచ్చింది.

ఇంట్లో అత్తయ్య పరిస్థితి మరోలా ఉండేది. ఒకసారి మావయ్యకి ఛాతీలో మంటగా ఉంటే ఆవిడ హడలిపోయి ఆస్పత్రికి తీసుకెళ్లింది. ఈసీజీ తీశారు. మావయ్య ఆ కాగితాన్ని అక్కడి డాక్టరు చేతిలోంచి లాక్కుని, వెలుతురుకి అడ్డంగా పట్టుకుని చూశాడట.

"ఏంటండీ ఈ గీత! ఇన్ని మొనలా? నాకు ఒక్క గంట ఇవ్వండి, సాఫీగా చేసి పట్టుకొస్తాను."

"అది సాఫీగా అయిపోతే మీరు ఉండరండీ," అన్నాడట డాక్టరు.

ఈ కథ అత్తయ్య వచ్చిన వాళ్లందరికీ చెబుతుంది. మావయ్య మాత్రం ఇప్పటికీ డాక్టరుకి గీతల గురించి తెలియదనే అంటాడు.

ఇదంతా వినేవాళ్లకి సరదాగానే ఉంటుంది. షాపు నడిపే మేనకోడలికి మాత్రం తల బొప్పి కట్టేది. ఎదురుగా కొత్త షాపు తెరిచారు. అక్కడ గంటలో పని చేసి చేతిలో పెట్టేస్తున్నారు. ఆమె కూడా కొత్త వెర్షను వేయించిన లాప్‌టాప్ ఒకటి తెచ్చింది. అందులో ఒక బటనుంది. నొక్కితే అక్కర్లేని చుక్కలన్నీ క్షణంలో మాయం. మావయ్య సంబరపడిపోతాడనుకుంది.

ఆయన ఆ బటన్ని పామును చూసినట్టు చూశాడు. "ఇది నాకొద్దు తల్లీ."

"అదేంటి మావయ్యా! నువ్వు రోజంతా చేసేది ఇదేగా?"

"నేను చేసేది ఇది కాదు," అని తన పాత కంప్యూటరు వైపు తిరిగిపోయాడు.

ఆమెకి అర్థం కానిది ఇంకొకటి కూడా ఉంది. బోర్డు పని ఏది వచ్చినా అక్షరాలు మాత్రం బోర్డుల తాతే రాయాలంటాడు. కంప్యూటర్లు రాకముందు ఊళ్లో ప్రతి షాపు బోర్డూ ఆయన కుంచె కిందనుంచి వచ్చిందే. కంప్యూటర్లో కావలసినన్ని అక్షరాలుండగా, మావయ్య స్వయంగా సైకిలేసుకుని తాత ఇంటికి వెళ్తాడు, చుట్టిన కాగితంతో తిరిగొస్తాడు, దాన్ని స్కాన్ చేసి తెరని గోడ వైపు తిప్పుకుని కూర్చుంటాడు. ఎవరైనా తొంగి చూస్తే, "వెలుతురుకి అడ్డం రాకండి," అని కసురుతాడు. రెండు రోజులు పోయాక అక్షరాలు బయటికొస్తాయి, చూడముచ్చటగా. బాగుంటాయి, నిజమే. కానీ ఆ రెండు రోజుల్లో ఎదుటి షాపువాళ్లు పది బోర్డులు దించేస్తున్నారు.

అలాంటి రోజుల్లో పెద్ద పని తగిలింది. ఊరి మధ్య కొత్త భవనం, దాని నుదుటన 'పిల్లల గ్రంథాలయం' అని మనిషెత్తు అక్షరాలు. గ్రంథాలయం నడిపే మేడం స్వయంగా వచ్చింది.

"పాత బోర్డు తాతగారే రాశారు. నేను అక్షరాలు దిద్దుకుంది దాన్ని చూసే. కొత్తదీ ఆయనే రాయాలి. శుక్రవారం పొద్దున ప్రారంభం. మీవల్ల కాకపోతే మొహమాటపడకండి, ఎదురుగా ఇచ్చేస్తాను."

మేనకోడలు అవుతుందని మాట ఇచ్చేసింది. సరిగ్గా ఆ సోమవారమే మావయ్య కంటికి శుక్లం ఆపరేషన్ చేశారు. కన్నుకి కట్టు కట్టి, రెండో కంటికి కూడా శ్రమ ఇవ్వకూడదు, తెర వైపు అసలే చూడకూడదన్నారు. జీవితమంతా చుక్కలు చూసిన మనిషి, అత్తయ్య కాపలాలో మంచం మీద చేతులు కట్టుకుని పడుకున్నాడు.

చేసేది లేక మేనకోడలే తాత ఇంటికి వెళ్లింది. ఆయన కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చుని రాస్తున్నాడు. నవ్వుతూ రమ్మన్నాడు. ఆమె నవ్వబోయి ఆగిపోయింది. కుంచె పట్టుకున్న చెయ్యి గడగడా వణుకుతోంది. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని గీత లాగుతున్నాడు, అయినా 'గ' తలకట్టు మీద అలలు లేస్తూనే ఉన్నాయి.

"మీ మావయ్యకివ్వమ్మా," అని కాగితం చుట్టి ఇచ్చాడు. "బాగా వచ్చిందనే అనుకుంటున్నా."

"చాలా బాగుంది తాతా," అంది. ఇన్నాళ్లూ తెరని గోడ వైపు ఎందుకు తిప్పాడో, ఆ రెండు రోజులూ ఎటు పోయేవో ఆమెకి దారిలోనే తెలిసిపోయింది.

షాపుకొచ్చి స్కాన్ చేసింది. తెర మీద అక్షరాల చుట్టూ ఇసుక చల్లినట్టు చుక్కలే చుక్కలు. కొత్త బటను నొక్కింది. క్షణంలో గీతలు నున్నబడ్డాయి. వణుకు పోయింది. కానీ దానితోపాటు తలకట్టు చివర తాత పెట్టే చిన్న విసురూ పోయింది, 'య' నడుములో ఉండే వయ్యారమూ పోయింది. ఎదుటి షాపులో గంటలో దొరికే అక్షరాలే అవి. ఒక్క అడుగు వెనక్కి వేసి, చుక్కల్ని మళ్లీ తెచ్చుకుని, లాప్‌టాప్ సంచిలో వేసుకుని మావయ్య ఇంటికి బయల్దేరింది.

"అక్షరాలు తెచ్చావా? చుక్కలెన్ని?" అన్నాడు మావయ్య కళ్లు మూసుకునే.

"ఇసుక పోసినట్టున్నాయి మావయ్యా."

ఆయన మంచం మీద ఆమె వైపు ఒత్తిగిలాడు.

"చూసేశావన్నమాట. సరే విను. నాకు రాయడం నేర్పింది ఆయనే. చెయ్యి పట్టుకుని 'అ' దిద్దించాడు. ఈ ప్రోగ్రాం వచ్చాక మొదటి బోర్డు నేనే చేశాను, అది ఆయనకి రావలసిన పని. అయినా నా దగ్గరికొచ్చి, 'బాగుందిరా' అన్నాడు. తర్వాత చెయ్యి వణకడం మొదలైంది. ఆ వణుకు బోర్డు మీద కనిపిస్తే ఆయన్ని ఇంకెవరూ పిలవరు. పిలవకపోతే ఆయన పొద్దున్నే లేచి ఏం చేస్తాడు? ఏం తోచక చచ్చిపోతాడే!"

"బటను నొక్కి చూశాను. అన్నీ చచ్చిన అక్షరాల్లా అయ్యాయి."

"మరి! ఏది వణుకో, ఏది వంపో దానికేం తెలుసు? ఊ, తెరువు. 'గ' దగ్గరికి పద."

అత్తయ్య గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "డాక్టరు చూడొద్దన్నారు!"

"చూడటం లేదే, వింటున్నా," అన్నాడు మావయ్య.

అలా ఆ మధ్యాహ్నం నుంచి రెండు రోజులు, చూడకుండా ఆయన చెబుతుంటే చూస్తూ ఆమె తీసింది. "తలకట్టు చివర పైకి లేస్తోందా? ఆ చుక్క జోలికి పోకు, అది ఆయనదే. దాని కింద మూడు గుంపుగా ఉంటాయి, అవి వణుకు, తీసెయ్." ఆమె ఒక్కో చుక్కా తీస్తుంటే అలలు అణిగి, లోపలున్న గీత మెల్లగా పైకి తేలింది. 'గ్రం' కింద రావత్తు జారుతున్న తీరు చూసి తనే "అబ్బ!" అంది. "వచ్చిందా?" అన్నాడు మావయ్య, మంచం మీద లేచి కూర్చుని. అత్తయ్య కూడా గరిటె పక్కన పెట్టి తెర ముందు చేరింది.

శుక్రవారం పొద్దునకి బోర్డు భవనం మీద ఉంది. పిల్లలు లోపలికి పరుగెత్తారు, మేడం మాత్రం బయటే నిలబడి అక్షరాల్ని తనివితీరా చూసుకుంది. తాత ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. తల పైకెత్తి చాలాసేపు చూశాడు. మేనకోడలు ఆయన మొహాన్నే చూస్తూ నిలబడింది. తాను ఎక్కడైనా ఒక వణుకు వదిలేసి ఉంటే, ఆయన గమనిస్తే?

తాత ఆమెని పక్కకి పిలిచాడు.

"ఈసారి చుక్కలు తీసింది నువ్వు కదూ?"

ఆమె గబుక్కున బోర్డు వైపు చూసింది.

"మీ మావయ్య అయితే ఆ ఆఖరి 'ల' తోకలో ఇంకో రెండు తీసేవాడు."

"తాతా... మీకు తెలుసా?"

"నా చెయ్యి నాకు తెలియకపోతే ఎలాగమ్మా? పొద్దున్నే టీ సగం చొక్కాయే తాగేస్తుంది."

"మరి ఇన్నాళ్లూ మావయ్యతో ఎందుకు అనలేదు?"

"వాడికి చుక్కలు తీయడమంటే ప్రాణం. ఏవో బటన్లు వచ్చాయటగా ఇప్పుడు? ఇక వాడికి తీయడానికి చుక్కలెవరిస్తారు? నేనైతే వణుకు తక్కువున్న రోజున కూడా రెండు మూడు వంకరలు ఎక్కువే వేసి పంపుతా. పాపం, సరదాపడతాడు. వాడికి మాత్రం చెప్పకు."

అప్పుడే అత్తయ్య చెయ్యి పట్టుకుని మావయ్య ఆటో దిగాడు. ఒక కంటికి కట్టు. రెండో కంటితో బోర్డు చూడటానికి పొద్దున్నే డాక్టరు దగ్గర పోట్లాడి అనుమతి తెచ్చుకున్నాడట. మేనకోడలి చెవి దగ్గర గుసగుసగా అడిగాడు.

"తాత ఏమన్నాడు? ఏమీ కనిపెట్టలేదుగా?"

"లేదు మావయ్యా. బాగుందన్నాడు."

"నేను చెప్పలేదూ! ఆయనకి ఎన్నటికీ తెలియదు."

అని గర్వంగా తలెత్తి, ఒంటి కన్ను చిట్లించి, అక్షరం అక్షరం చూసుకుంటూ వెళ్లాడు. చివరికొచ్చేసరికి ఆయన మొహం ముడుచుకుంది.

"అమ్మాయ్! ఆ ఆఖరి 'ల' తోకలో రెండు ఎక్కువున్నాయి."

మేనకోడలు తాత వైపు చూసింది. తాత ఆమె వైపు చూశాడు. ఇద్దరూ ఒక్కసారిగా పగలబడి నవ్వారు. తాతకి నవ్వు ఆగక, ఊతం కోసం మావయ్య భుజమే పట్టుకున్నాడు.

"నవ్వుతారేంటి?" అన్నాడు మావయ్య, ఉక్రోషంగా. "నిచ్చెన తెచ్చి చూపించమంటారా? నిజంగానే ఉన్నాయి!"