నా కోసం బిగించిన ఇల్లు

మట్టెవాడలో మా అత్తగారింట్లో కింద మిర్చి దుకాణం, పైన కాపురం. డంగు సున్నం గోడలు, ఎత్తున వెంటిలేటర్లు, ఇంటి నడుమ ఆకాశం కనిపించే ఖాళీ జాగా. దుకాణంలో బస్తా విప్పితే ఘాటంతా ఆ జాగాలోంచే పైకి పోయేది. ఎంత ఘాటొచ్చినా ఆ ఇంట్లో ఎవరూ తుమ్మరు. మిర్చికి తుమ్మేవాడు వ్యాపారానికి పనికిరాడని మామయ్య మాట. కొత్త కోడలిగా నేను తుమ్మొస్తే ముక్కు పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తేదాన్ని.

ఒక ఎండాకాలం ఉక్కకు సొమ్మసిల్లి పడిపోయాను. మా ఆయన ఏసీ పెట్టించాడు. కరెంటు బిల్లు చూసి అందరూ గుండెలు బాదుకున్నారు. పాత ఇల్లు కదా, చల్లదనం సందుల్లోంచి పోతోందన్నాడు చూడ్డానికి పిలిపించిన ఇంజనీరు. ఇక నా పేరు చెప్పి ఇల్లంతా బిగించారు. నడుమ జాగా మీద మందపాటి రేకు, వెంటిలేటర్లకు ఫోము, తలుపులకు రబ్బరు పట్టీలు, డాబాకు తెల్ల రంగు. ఇంజనీరును తప్పుపట్టను. మరి మిర్చి ఘాటు ఎటు పోతుందని అతను ముందే అడిగాడు. మాకు అలవాటేనని మామయ్య నవ్వేశారు.

ఇల్లు నిజంగానే చల్లబడింది, బిల్లూ తగ్గింది. నాకు దగ్గు పట్టుకుంది. ఏసీ పడలేదన్నారు, వీధి దుమ్మన్నారు, మిగిలిన సందులు కూడా మూశారు. మిర్చి మాట ఒక్కరి నోటా రాలేదు. ఊపిరాడక దవాఖానలో పడ్డాక డాక్టరమ్మే చెప్పింది, ఆ ఘాటుకు దారి తెరవండి, లేదా ఈమెను అక్కడ ఉంచకండి అని.

రేకు తీయించమని మామయ్యను అడిగాను. పెళ్లయ్యాక ఆయన్ని నోరు తెరిచి ఒకటి అడగడం అదే మొదలు.

"మిర్చి మనకు అన్నం పెట్టింది బిడ్డా. అది దగ్గెట్ల తెస్తది?"

కోపంతో కాదు, నిజంగా నమ్మే అన్నారు. మా ఆయన నేల చూపులు చూశాడు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇప్పుడు స్టేషన్ ఘన్‌పూర్‌లో మా అన్న దగ్గర ఉంటున్నాను. రేకుల ఇల్లు, మధ్యాహ్నమైతే పెనమే. ఊపిరి మాత్రం ఆడుతోంది. వదిన ఇంకా చుట్టానికి పెట్టినట్టు ముందు నాకే వడ్డిస్తుంది. ఆ కంచం ముందు కూర్చుంటే ఏడుపొస్తుంది.

మా ఆయన ఫోను చేస్తాడు. "ఇల్లు మస్తు సల్లగున్నది. జర తగ్గంగనే వచ్చెయ్యి," అంటాడు. ఆ ఇంటికొస్తే దగ్గు మళ్లీ మొదలవుతుందని ఎన్నిసార్లు చెప్పను? వాళ్లు తెరవరు, నేను పోలేను. నేను వచ్చేశాక అక్కడ ఎవరూ దగ్గడం లేదట. మిర్చి దగ్గు తేదన్న మామయ్య మాటే నెగ్గింది.